రంగూను నవల వచ్చేలోపు: ముందు నాయనమ్మ మాట, తరువాత పుస్తకం

మీ ప్రశ్న సారాంశం ఇది. 1942లో బర్మా నుంచి కాలినడకన వచ్చినవారి నేపథ్యంలో, యుద్ధం, జ్ఞాపకం, చేజారిన ప్రేమ ఇతివృత్తంగా ఒక కొత్త తెలుగు చారిత్రక నవల రాబోతోందన్న ప్రకటన చూశారు. మీది పర్లాకిమిడి ప్రాంతం. మీ నాయనమ్మగారు ఏడెనిమిదేళ్ళ వయసులో ఆ దారినే వచ్చారు. నవల చేతికి వచ్చేలోపు ఏం తెలుసుకోవాలి, చరిత్ర ముందే తెలిస్తే కథలో రుచి తగ్గిపోతుందా, పుస్తకం రాగానే నాయనమ్మగారికి చదివి వినిపించవచ్చా అని అడిగారు.

సూటిగా చెబుతాను. నవల మీ ఇంట్లో అడుగుపెట్టకముందే నాయనమ్మగారు చెప్పేదంతా ఆమె గొంతులోనే రికార్డు చేసి, తేదీ వేసి, దాచి పెట్టండి. చదువుకోవడం దాని తరువాతి పని. చరిత్ర విషయానికి వస్తే కొన్ని తేదీలు, మూడు దారులు, ఒక ఓడరేవు తెలిస్తే చాలు. వాటివల్ల రుచి చెడదు. రామకథ కంఠతా వచ్చినవాళ్ళే హరికథకు ముందు వరుసలో కూర్చుంటారు. చదివి వినిపించడం గురించి చివర రాస్తాను, అందులో కొంత జాగ్రత్త అవసరం.

నేను బరంపురంలో ఒక తెలుగు గ్రంథాలయం పనులు చాలాకాలం చూసుకున్నాను. గంజాం, గజపతి జిల్లాలలో రంగూను వెళ్ళి వచ్చిన కుటుంబాల వృద్ధుల మాటలు సేకరించడం ఆ గ్రంథాలయం తరఫునే మొదలుపెట్టాము. "మా అయ్య రంగం (రంగూను) ఎల్లిపోనాడు" అన్న వాక్యంతో మొదలుకాని కథ ఆ సేకరణలో చాలా అరుదు. ఆ అనుభవంతోనే రికార్డు సంగతి ముందుగా, గట్టిగా చెబుతున్నాను.

కారణం ఏమిటంటే, బలమైన కథ విన్న తరువాత ముసలివాళ్ళ జ్ఞాపకం పూర్వపు జ్ఞాపకంగా మిగలదు. గోపాల్‌పూర్ వైపు పల్లెకు చెందిన ఒక పెద్దాయన తన తండ్రి భుజాలమీద కొండలు దాటిన సంగతి మాకు మొదట చెప్పినప్పుడు అందులో ఆకలి ఉంది, జలగలు ఉన్నాయి, కాలి పుండు ఉంది, ఒక్క విమానం కూడా లేదు. కొంతకాలం తరువాత ఆయన ఇంట్లో యుద్ధం గురించిన ధారావాహిక ఒకటి రోజూ టీవీలో నడిచింది. ఆ తరువాత అదే కథ చెప్పమంటే, వంతెన మీద నడుస్తున్న జనంపై విమానాలు కాల్పులు జరపడం, తండ్రి తనను కింద పడుకోబెట్టి మీద పడుకోవడం వచ్చి చేరాయి. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయనకు అది నిజంగానే కళ్ళకు కట్టినట్టు కనిపిస్తోంది. మొదటి రికార్డు లేకపోతే మాకు ఆ తేడా తెలిసే అవకాశమే ఉండేది కాదు. మంచి నవల అయితే ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ, ఎందుకంటే మంచి రచయిత రాసిన దృశ్యం మన జ్ఞాపకం కంటే స్పష్టంగా ఉంటుంది.

ప్రశ్న అడిగే తీరు కూడా జ్ఞాపకాన్ని మార్చగలదు. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరికి కార్ల ప్రమాదం ఫిల్ములు చూపి, "కార్లు తగిలినప్పుడు ఎంత వేగంతో ఉన్నాయి" అని కొందరిని, "నుజ్జుగా గుద్దుకున్నప్పుడు ఎంత వేగంతో ఉన్నాయి" అని మరికొందరిని అడిగారు. రెండవ రకం ప్రశ్న విన్నవారు ఎక్కువ వేగం చెప్పడమే కాక, వారం తరువాత అడిగితే అక్కడ లేని పగిలిన అద్దాలను కూడా ఎక్కువమంది చూశామన్నారు. కాబట్టి "బాంబులు పడినప్పుడు భయమేసిందా నాయనమ్మా" అని మొదలుపెట్టకండి. "రంగూనులో మీ ఇంట్లో ఎవరెవరు ఉండేవారు, నీళ్ళు ఎక్కడినుంచి తెచ్చుకునేవారు, పక్కింటివాళ్ళు ఏం వండుకునేవారు" అని మొదలుపెట్టండి. ఏడేళ్ళ పిల్లకు యుద్ధం తెలియదు, ఇల్లు తెలుస్తుంది. కాశీనగర్ దగ్గర ఒక ఆమె మాకు చెప్పిన ప్రయాణమంతా తనకు ఒకదానిమీద ఒకటి మూడు గౌనులు తొడిగిన సంగతి, చెమటకు ఒళ్ళు పేలిపోయిన సంగతి మాత్రమే. ఇంట్లోవాళ్ళు "ఆమెకేం గుర్తులేదండీ" అన్నారు. నా దృష్టిలో మా సేకరణలో అంతకంటే విలువైన మాట లేదు, ఎందుకంటే మూటలు మోయడానికి మనుషులు చాలనప్పుడు బట్టలు పిల్లల ఒంటిమీదే తీసుకువెళ్ళారన్న విషయం ఏ ప్రభుత్వ నివేదికలోనూ దొరకదు.

సంవత్సరం అడగకండి, లేదా చివర అడగండి. ఆ తరానికి 1942 అన్న అంకె తరువాత నేర్చుకున్నది. సంవత్సరం పేరు, పండుగ, వర్షం వీటిని పట్టుకుని అడిగితే కాలం తేలుతుంది. రంగూను మీద తొలి బాంబులు, రంగూను పతనం వృష నామ సంవత్సరంలో జరిగాయి. 1942 మార్చి మధ్యలో ఉగాది వచ్చి చిత్రభాను మొదలైంది. "ఉగాది దారిలో అయిందా, ఇంటికి వచ్చాక అయిందా" అన్న ఒక్క ప్రశ్నతో వారు ఏ విడతలో బయలుదేరారో చాలావరకు తెలిసిపోతుంది. బరంపురం కుటుంబాలనైతే రెండేళ్ళకొకసారి వచ్చే ఠాకురాణి యాత్రను ఆనవాలుగా అడుగుతాము. మీ నాయనమ్మగారిని నౌపడా దగ్గర పెద్ద రైలు దిగి పర్లాకిమిడి చిన్న రైలు ఎక్కిన సంగతి అడగండి. ఇప్పుడది బ్రాడ్‌గేజ్ అయింది కానీ, 1900లో వేసిన ఆ నేరోగేజ్ బండి పిల్లలకు బాగా గుర్తుండిపోయే వస్తువు. చెప్పడం ఆపేస్తే బలవంతపెట్టకండి.

ఇక చరిత్ర. ఒక నోటుబుక్కులో రెండు పేజీలకు మించి అవసరం లేదు.

మన తీరం నుంచి బర్మాకు మనుషులు వెళ్ళడం తరాలపాటు సాగింది. గోపాల్‌పూర్, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవుల నుంచి స్టీమర్లు రంగూను వెళ్ళేవి. మేస్త్రీలు అడ్వాన్సు ఇచ్చి కూలీలను తీసుకుపోయేవారు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు 10 లక్షలకు పైగా, వారిలో తెలుగువారు లక్షన్నరకు పైగా ఉన్నారు. రేవులో మూటలు మోసినవారు, బియ్యం మిల్లుల్లో పనిచేసినవారు, రిక్షా లాగినవారు వారిలో అధికం. అక్కడి బతుకు యుద్ధానికి ముందే చెడింది. 1930 మే నెలలో రేవు కూలీల సమ్మె, దాని వెంట బర్మీయులతో ఘర్షణ జరిగి వందమందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది మన కూలీలే. 1938లో మళ్ళీ అల్లర్లు జరిగాయి. ఈ నేపథ్యాన్ని వదిలేసి, అందరూ హాయిగా ఉండగా ఆకాశం నుంచి జపానువాడు ఊడిపడ్డట్టు రాసిన నవల అయితే అక్కడే సగం అబద్ధమవుతుంది.

1941 డిసెంబరు 23న రంగూను మీద బాంబులు పడ్డాయి, 25న మళ్ళీ పడ్డాయి. రేవు, మిల్లులు ఆగిపోయాయి, జనం ప్రోము వైపు నడక మొదలుపెట్టారు. కూలీలు వెళ్ళిపోతే నగరం నడవదని మగవాళ్ళను ఆపడానికి ప్రభుత్వం ప్రయత్నించింది. 1942 మార్చి 8న రంగూను జపాను సేనల వశమైంది. ఓడ దొరికినవారు ఓడలో వచ్చారు, దొరకనివారికి మూడు దారులు మిగిలాయి. ప్రోము నుంచి అరకాన్ కొండలు దాటి టౌంగప్, అక్కడినుంచి పడవలమీద చిట్టగాంగ్ వైపు మొదటిది. మాండలే మీదుగా టమూ, ఇంఫాల్, దీమాపూర్ రెండవది. మిచినా నుంచి హుకాంగ్ లోయ మీదుగా అస్సాంలోని లీడో మూడవది. మే నెలలో వానలు మొదలయ్యాక అటు వెళ్ళినవారు పడిన బాధ వర్ణనాతీతం. బర్మా నుంచి ఇండియాకు రైలు మార్గం లేదు, అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మొత్తం 4 నుంచి 5 లక్షలమంది ఈ దారులన్నిటిలో ఇటు చేరారు. దారిలో కలరా, మలేరియా, ఆకలివల్ల పోయినవారిని ఎవరూ సరిగా లెక్కపెట్టలేదు. అంచనాలు 10,000 మొదలుకొని 50,000 దాటి వెళతాయి. తెల్లవారికి సౌకర్యమున్న దారి, నల్లవారికి లేని దారి కేటాయించారన్న ఆరోపణ ఆ రోజుల్లోనే మన నాయకులు చేశారు.

వారు తిరిగివచ్చిన ఊరు కూడా వదిలివెళ్ళిన ఊరు కాదు. ఈ సంగతి మన సరిహద్దు జిల్లాలవారికి ప్రత్యేకం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైంది. బరంపురం, పర్లాకిమిడి పట్టణం అటు చేరాయి, టెక్కలి, సోంపేట మద్రాసులోనే ఉండిపోయాయి. సరిగ్గా ఏడాదికి, 1937 ఏప్రిల్ 1న, బర్మా ఇండియా నుంచి విడిపోయింది. 1935లో గోపాల్‌పూర్‌లో ఓడ ఎక్కిన మనిషి మద్రాసు రాష్ట్రం నుంచి ఇండియాలోని ఇంకొక రాష్ట్రానికి వెళ్ళాడు. 1942లో పరాయి దేశం నుంచి ఒరిస్సాకు వచ్చాడు. మధ్యలో అతడు చేసిందల్లా మూటలు మోయడమే. నవలలో పర్లాకిమిడి పాత్ర ఉంటే రచయిత ఈ రెండు తేదీలను ఎలా వాడుకున్నాడో చూడండి. మీరు కాగితాలు వెతకదలచినా ఇదే కీలకం: 1936కు ముందటి గంజాం కాగితాలకు చెన్నై ఎగ్మూరులోని పురాలేఖాగారాన్ని, తరువాతివాటికి భువనేశ్వర్‌లోని రాష్ట్ర పురాలేఖాగారాన్ని ముందుగా అడగాలి.

ఇటు కూడా శాంతి లేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో ఇరవైకి పైగా వర్తక నౌకలు మునిగాయి. ఆగస్టులో క్విట్ ఇండియా వచ్చింది. ఆ ఉద్యమంలో మథిలి అనే ఊళ్ళో జరిగిన ఘర్షణ కేసులో కొరాపుట్ ఆదివాసీ నాయకుడు లక్ష్మణ నాయక్‌ను 1943 మార్చి 29న మా బరంపురం జైల్లోనే ఉరితీశారు. బర్మా బియ్యం ఆగిపోవడం 1943 బెంగాల్ కరవు కారణాల్లో ఒకటి. బాంబుల నుంచి పారిపోయి వచ్చినవారికి ఇక్కడ దొరికినది ఇదీ.

ఇప్పుడు ప్రేమ సంగతి. చారిత్రక నవలను నేను ఇక్కడే ఎక్కువగా పరీక్షిస్తాను, ఎందుకంటే తేదీలు తప్పితే ఎవరైనా పట్టుకుంటారు, ప్రేమ తప్పితే ఎవరూ పట్టుకోరు. బర్మా వెళ్ళిన తెలుగువారిలో అత్యధికులు మగవాళ్ళు, వారిలో చాలామంది పెళ్ళాం బిడ్డలను ఊళ్ళో వదిలి వెళ్ళినవారు. కొందరు అక్కడ బర్మా స్త్రీలతో కాపురం పెట్టారు. ఆ కాపురాలు ఎంత పెద్ద వివాదమయ్యాయంటే, 1938 అల్లర్ల తరువాత అన్యమతస్థులను పెళ్ళాడిన బౌద్ధ స్త్రీల వివాహ, వారసత్వ హక్కుల కోసం 1939లో ప్రత్యేక చట్టమే చేశారు. అంటే రంగూను కూలీ ప్రేమకథలో ఊళ్ళో ఉన్న భార్య, అక్కడ ఉన్న భార్య, ఇద్దరూ ఉండే అవకాశం ఎక్కువ. నవలాకారులకు సాధారణంగా అక్కడి ఆమె నచ్చుతుంది; పూలు, లుంగీ, పగోడా గంటలు అన్నీ ఆమెవైపే ఉంటాయి. ఊళ్ళో ఉన్న ఆమె మొదటి అధ్యాయంలో కన్నీళ్ళు పెట్టుకుని, చివరి అధ్యాయంలో తలుపు తీస్తుంది. మా సేకరణలో మాత్రం ఎక్కువ మాట్లాడింది ఆ తలుపు తీసిన స్త్రీల బిడ్డలే.

జపాను ఆక్రమణ కాలంలో బర్మా నుంచి ఉత్తరాలు, మనియార్డర్లు ఆగిపోయాయి. 1945 మే 3న బ్రిటిషు సేనలు రంగూనును తిరిగి పట్టుకునేవరకు మూడేళ్ళపాటు ఇక్కడి భార్యకు తాను ముత్తైదువో కాదో తెలియదు. బొట్టు తీయాలా, వద్దా, అత్తవారు భూమిలో వాటా ఇస్తారా, పండుగకు పిలుస్తారా, ఇవన్నీ ఆ మూడేళ్ళలో ప్రతి రోజూ తేల్చుకోవలసిన విషయాలు. ఒక కుటుంబంలో భర్త చనిపోయాడనుకుని కర్మకాండ కూడా జరిపించారు; యుద్ధం ముగిశాక అతడు వచ్చాడు. వచ్చినవాణ్ణి ఇంట్లోకి రానిచ్చే ముందు ఏయే శాంతులు చేయించాలని ఊళ్ళో జరిగిన తగవు ఆ ఇంటి పిల్లలకు యుద్ధం కంటే బాగా గుర్తుంది. పోగొట్టుకున్న ప్రేమ గురించి రాయదలచినవారికి ఇంతకంటే ఏం కావాలి?

ఇంకొక మాట. 1942లో విడిపోయిన జంట శాశ్వతంగా విడిపోయినట్టు రాయడం తేలిక. కానీ యుద్ధం ముగిశాక ఓడలు మళ్ళీ నడిచాయి, కొందరు తిరిగి వెళ్ళారు. 1947 వలస చట్టంతో అది కష్టమైంది, 1948లో బర్మా స్వతంత్రమైంది, 1962లో నెవిన్ సైనిక ప్రభుత్వం వచ్చింది, 1964లో దుకాణాలు జాతీయం చేశాక మళ్ళీ లక్షలమంది వెనక్కు వచ్చారు. విశాఖ కంచరపాలెంలోని బర్మా క్యాంపు పేరు ఆ వలసను గుర్తుచేసేదే. కాబట్టి కథానాయకుడు 1946లో ఎందుకు వెళ్ళలేదన్న ప్రశ్నకు నవల జవాబు చెప్పాలి. డబ్బు లేకనా, భయంవల్లనా, ఇక్కడి భార్య పోనివ్వలేదా, లేక మరిచిపోవడమే సుఖమనిపించిందా? చివరి కారణాన్ని ధైర్యంగా రాయగలిగితే ఆ రచయితకు నేను నమస్కారం పెడతాను.

చదివేటప్పుడు ఏవి క్షమించాలి, ఏవి కూడదు అన్నది కూడా ముందే అనుకోవడం మంచిది. లేని వీధిని సృష్టించడం, ఇద్దరి అనుభవాన్ని ఒక పాత్రకు ఇవ్వడం, రెండు వారాల నడకను ఒక రాత్రిగా కుదించడం నవలాకారుడి హక్కు. 1943లో రంగూను నుంచి ప్రేమలేఖ పోస్టులో రావడం, రంగూను పతనమైన నెలలోనే సుభాస్ చంద్రబోస్ అక్కడ ఉపన్యసించడం మాత్రం కుదరవు. ఆయన తూర్పు ఆసియాకు వచ్చింది 1943లో, తన ఆజాద్ హింద్ ప్రభుత్వ ప్రధాన కార్యాలయాన్ని రంగూనుకు మార్చింది 1944 జనవరిలో. కథానాయకుడు చదువుకున్న గుమస్తా అయి, పక్కన డైరీ ఉంటే అది తప్పు కాదు కానీ, నాకు కొంచెం విసుగు. వేలిముద్ర వేసిన మనిషికి జ్ఞాపకం ఉండదా అని అడగాలనిపిస్తుంది. మీ నాయనమ్మగారి కథ ఆ పుస్తకంలో ఉందా అని మాత్రం వెతకకండి. రచయిత ఇంకొకరి కథ రాశారు.

చివరగా, చదివి వినిపించడం. రికార్డు పూర్తయిన తరువాతే మొదలుపెట్టండి. ముందు పుస్తకం మొత్తం మీరొక్కరే చదివి, దారిలో పిల్లలు చనిపోయే అధ్యాయాలు ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకోండి. ఆ నడకలో తోబుట్టువును వదిలి వచ్చినవారు మనం అనుకునేదానికంటే ఎక్కువ, వారిలో చాలామంది ఆ సంగతి కడుపున పుట్టినవారికి కూడా చెప్పలేదు. మాకు తెలిసిన ఒక ఇంట్లో ఇలాంటి కథ వినిపించాక పెద్దాయనకు రాత్రుళ్ళు నిద్ర పట్టక, వినిపించడం ఆపేయవలసి వచ్చింది. యుద్ధానికి ముందటి రంగూను వీధులు, మార్కెట్టు, ఓడ ప్రయాణం ఉన్న పుటలతో మొదలుపెట్టి, రోజుకు నాలుగైదు పుటలకు మించకుండా చదవండి. పుస్తక భాష ఆమెకు అందకపోతే మీ ఇంటి మాటల్లో చెప్పండి. "అలాగ కాదురా" అని ఆమె అడ్డం వస్తే అక్కడే ఆపి, ఆ అభ్యంతరాన్ని పుట సంఖ్యతో సహా వేరే నోటుబుక్కులో రాయండి, మొదటి రికార్డుతో కలపకండి. ప్రేమ ఘట్టాలు మాత్రం నిస్సంకోచంగా చదవండి. మన వైపు ముసలమ్మలు అక్కడ సిగ్గుపడరు, పైపెచ్చు ఆ వీధిలో ఎవరు ఎవరితో ఉండేవారో రచయితకు తెలియని రెండు మూడు సంగతులు చెబుతారు.